క్లచ్ అరిగిందా, బిగించి పాడుచేశారా?

గుంటూరు బ్రాడీపేట నుంచి ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. వివరాలు కొంత తగ్గించి సారాంశం ఇస్తున్నాం.

వాళ్లింట్లో 2012లో మామగారు కొన్న వ్యాగన్‌ఆర్ ఉంది. 88 వేల కిలోమీటర్లు తిరిగింది. ఆవిడ టీచరు. విజయవాడలో రామవరప్పాడు వైపున్న స్కూలుకి ఆ కారులోనే వెళ్లివస్తారు. ఆదివారాలు భర్త నడుపుతారు. మొన్న వానాకాలంలో పొద్దున్నే బండి తీస్తుంటే రివర్స్ గేరు కర్రుమనడం మొదలైంది. సిగ్నల్ దగ్గర ఆగితే ఫస్ట్ గేరు ఒక పట్టాన పడేది కాదు. ఇంటి దగ్గర మెకానిక్ బానెట్ ఎత్తి, పది నిమిషాల్లో ఏదో నట్టు బిగించి ఇచ్చాడు. గేర్లు వెన్నలా పడ్డాయి. రెండు వారాలు తిరిగేసరికి బెంజ్ సర్కిల్ ఫ్లైఓవర్ ఎక్కుతుంటే ఇంజిన్ అరుస్తోంది గానీ బండి ముందుకి లాగడం లేదు. అత్తగారిని కోటప్పకొండ తీసుకెళ్తే ఘాట్ రోడ్డు మీద కాలిన వాసన వచ్చింది. విజయవాడ ఆటోనగర్‌లో ఒక షెడ్డువాళ్లు క్లచ్ సెట్ మొత్తం మార్చాలన్నారు. ఇంకో షెడ్డులో న్యూట్రల్‌లో వచ్చే సన్నటి ఊళ విని, గేర్‌బాక్స్ విప్పి బేరింగులు వెయ్యాలన్నారు. ఇంట్లో భర్తేమో "ఎప్పుడూ క్లచ్ మీద కాలు పెట్టి నడుపుతావు, నువ్వే తగలేశావు" అంటున్నారు. అమ్మేద్దామంటే అత్తగారు ఒప్పుకోవడం లేదు, అది మామగారి బండి. "ఎవరి మాట నిజం? నిజంగా తప్పు నాదేనా? ఖర్చు పెట్టాలా, వదిలించుకోవాలా? అప్పటిదాకా రోజూ నడపొచ్చా?" ఇవీ ఆవిడ ప్రశ్నలు.

అమ్మా, మీ ఉత్తరంలో మీరు ఒక్క వాక్యంలో దాటేసిన ఆ నట్టు దగ్గరే అసలు చిక్కు ఉంది. ముందు దాని సంగతి తేల్చుకోండి. అది తేలకుండా సెట్ మార్చడానికీ, గేర్‌బాక్స్ విప్పడానికీ ఒప్పుకోకండి.

క్లచ్‌కి వచ్చే జబ్బులు చాలావరకు రెండు రకాలు. పెడల్ తొక్కినా వదలకపోవడం ఒకటి, పెడల్ వదిలినా పట్టకపోవడం రెండోది. వదలకపోతే ఇంజిన్ తిరుగుడు గేర్‌బాక్స్‌లోకి పోతూనే ఉంటుంది, అందుకే రివర్స్ కర్రుమంటుంది, ఫస్ట్ గేరు మొరాయిస్తుంది. పట్టకపోతే ఇంజిన్ తిరుగుడుని గేర్‌బాక్స్‌కి అందించే క్లచ్ ప్లేటు జారుతుంది, ఇంజిన్ అరుస్తుంది, ఎత్తు ఎక్కలేదు, వాసన వస్తుంది. మీకు వానాకాలంలో వచ్చింది మొదటిది. ఇప్పుడున్నది రెండోది. నట్టు బిగించాక ఒక జబ్బు పోయి దానికి సరిగ్గా ఎదురు జబ్బు వచ్చిందంటే, బిగించడమే కారణమా అన్న అనుమానం ముందు రావాలి.

మీ వ్యాగన్‌ఆర్‌లో పెడల్ నుంచి గేర్‌బాక్స్ దాకా ఒక ఉక్కు కేబుల్ వెళ్తుంది. దాని చివర గేర్‌బాక్స్ మీద ఒక లివర్ ఉంటుంది, మెకానిక్ తిప్పిన నట్టు అక్కడిదే. పెడల్ తొక్కితే లివర్ కదిలి, లోపలి రిలీజ్ బేరింగ్, క్లచ్ ప్లేటుని అదిమిపట్టే ప్రెషర్ ప్లేట్ మధ్యలోని స్ప్రింగు వేళ్లను నొక్కుతుంది. అప్పుడు ప్లేటు మీద పట్టు వదులుతుంది. పెడల్ వదిలినప్పుడు బేరింగ్ ఆ వేళ్లను తాకకుండా కాస్త ఎడంగా ఉండాలి. ఆ ఎడమే ఫ్రీ ప్లే. కేబుల్ సాగితే ఫ్రీ ప్లే పెరుగుతుంది, పెడల్ పూర్తిగా తొక్కినా క్లచ్ వదలదు. అప్పుడు నట్టు బిగించడం సరైన పనే. ప్లేటు అరిగితే మాత్రం కథ వేరు. ప్లేటు పల్చబడేకొద్దీ ప్రెషర్ ప్లేట్ వేళ్లు బేరింగ్ వైపు జరుగుతాయి, ఫ్రీ ప్లే దానంతట అదే తగ్గిపోతుంది. అలాంటప్పుడు నట్టు వదులు చెయ్యాలి, బిగించకూడదు. బిగిస్తే బేరింగ్ వేళ్లను ఎప్పుడూ నొక్కుతూనే ఉంటుంది. పెడల్ మీద ఎవరి కాలూ లేకపోయినా క్లచ్ సగం తొక్కినట్టే ఉంటుంది. మీ ఉత్తరంలోని లక్షణాలు దీనికి అచ్చంగా సరిపోతున్నాయి.

ఇక చూసుకోవాల్సినవి. మొదటివి మీరే ఇంట్లో చూసుకోవచ్చు.

డ్రైవర్ సీటు ముందున్న మ్యాట్ తీసెయ్యండి. మందపాటి మ్యాట్ మీద ఇంకో రబ్బరు మ్యాట్ వేస్తే పెడల్ చివరిదాకా దిగదు. గేరు పడకపోవడానికి అది కూడా ఒక కారణమే, దీన్ని షెడ్డుల్లో ఎవరూ అడగరు. ఇంజిన్ ఆపి, పెడల్ పక్కన పిల్లల స్కేలు నిలబెట్టి, పెడల్‌ని చేతివేళ్లతో మెల్లగా నొక్కండి. మొదట తేలిగ్గా దిగి, ఒక చోట బరువు తగులుతుంది. అంతవరకూ దిగిన కొలత ఫ్రీ ప్లే. పాత మారుతీ బండ్లలో ఇది దాదాపు 15 నుంచి 25 మి.మీ. ఉంటుంది. మీ బండితో వచ్చిన పుస్తకంలో ఉన్న అంకెనే ప్రమాణంగా తీసుకోండి. వేలు పెట్టగానే బరువు తగిలితే ఫ్రీ ప్లే లేనట్టే. బానెట్ ఎత్తి గేర్‌బాక్స్ మీది లివర్‌ని చేత్తో కదిపినా తెలుస్తుంది, 2 నుంచి 4 మి.మీ. ఆడాలి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే చెయ్యి పెట్టండి.

ఫ్రీ ప్లే లేకపోతే ఏ మెకానిక్ దగ్గరికైనా వెళ్లి "నట్టు వదులు చేసి ఫ్రీ ప్లే సరిచెయ్యండి, ఇంకేమీ ముట్టుకోవద్దు" అని చెప్పండి. లాక్ నట్టు ఉంటే బిగించారో లేదో చూడండి, బిగించకపోతే సెట్టింగ్ జారిపోతుంది. అది సరయ్యాక రెండు పరీక్షలు చెయ్యాలి.

ఒకటి వదలడం గురించి. ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా క్లచ్ పూర్తిగా తొక్కి, నాలుగైదు సెకన్లు ఆగి, రివర్స్ వెయ్యండి. ఇలాంటి చాలా కార్లలో రివర్స్‌కి సింక్రో (గేర్ల వేగాలు కలిపి శబ్దం రాకుండా చూసే ఏర్పాటు) ఉండదు కాబట్టి లోపలి షాఫ్ట్ ఏ కాస్త తిరుగుతున్నా కర్రుమని చెప్పేస్తుంది. తొక్కిన వెంటనే వేస్తే ఏ బండైనా కొంచెం శబ్దం చెయ్యొచ్చు. ఆగి వేసినా చేస్తే క్లచ్ వదలడం లేదు. తర్వాత ఇంజిన్ ఆపేసి గేర్లన్నీ వేసి చూడండి. ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు హాయిగా పడి, నడుస్తున్నప్పుడే పడకపోతే తప్పు క్లచ్‌ది. ఆగి ఉన్నా పడకపోతే అది గేర్ లివర్ కేబుల్స్ గొడవో, గేర్‌బాక్స్ గొడవో అయ్యుండాలి, క్లచ్ మార్చినా పోదు.

రెండోది పట్టడం గురించి. తెల్లవారుజామున, మీ ఊరి ఇన్నర్ రింగ్ రోడ్డులాంటి ఖాళీ చోట, గంటకు 40 కి.మీ. దగ్గర నాలుగో గేరులో ఉండి యాక్సిలరేటర్ ఒక్కసారి గట్టిగా తొక్కండి. క్లచ్ బాగుంటే ఇంజిన్ శబ్దమూ బండి వేగమూ కలిసి నెమ్మదిగా పెరుగుతాయి. జారుతుంటే ఇంజిన్ ఒక్కసారిగా పైకి లేస్తుంది, బండి మాత్రం ఉన్నచోటే ఉంటుంది. ఆర్‌పీఎం మీటర్ లేకపోయినా చెవికి తెలిసిపోతుంది. ఒకటి రెండుసార్లు చాలు. జారే క్లచ్‌ని పదేపదే పరీక్షిస్తే పరీక్షే దాన్ని కాల్చేస్తుంది. షెడ్డుల్లో హ్యాండ్‌బ్రేక్ లాగి, మూడో గేరులో క్లచ్ వదిలి ఇంజిన్ ఆగుతుందా లేదా చూస్తారు, ఆగకపోతే జారుతున్నట్టే. అదీ సరైన పద్ధతే, ఒక్కసారికి మించి చెయ్యనివ్వకండి.

ఫ్రీ ప్లే సరిచేశాక జారడం పోయి, గేర్లు కూడా బాగానే పడుతుంటే మీ అదృష్టం, ఖర్చు దాదాపు లేదు. అయితే ఘాట్ రోడ్డు మీద వచ్చిన వాసన నిజం. ప్లేటు మీది ఫేసింగ్, అంటే పట్టునిచ్చే పొర, కొంత కాలే ఉంటుంది, దాని ఆయుష్షు తగ్గిందనే అనుకోండి. నెలకోసారి స్కేలు పెట్టి కొలుచుకోండి. ఫ్రీ ప్లే గబగబా తగ్గిపోతుంటే ప్లేటు చివరికి వచ్చింది.

జారడం పోయి, మళ్లీ రివర్స్ కర్రుమనడం మొదలైతే అసలు జబ్బు కేబుల్‌లోనో లివర్‌లోనో ఉంది. ఒకరు పెడల్ తొక్కుతుంటే మరొకరు కేబుల్ రెండు చివరలూ చూడాలి. తీగ పోగులు తెగి ముళ్లలా లేచాయా, కేబుల్ పైతొడుగు ఆనే చోట రేకు వంగుతోందా, లివర్ కింద బుష్ అరిగి పక్కకి ఊగుతోందా? కేబుల్ ఖరీదు వందల్లోనే, అనుమానం ఉంటే మార్చేయడమే మేలు. లోపల నైలాన్ పూత ఉన్న కేబుల్‌లో నూనె పొయ్యనివ్వకండి, దుమ్ము పట్టి ఇంకా బిగుసుకుంటుంది. కొత్త కేబుల్ వేశాక కూడా క్లచ్ వదలకపోతే లోపల ప్లేటు వంకర తిరగడమో, స్ప్లైన్ (ప్లేటు కూర్చునే షాఫ్ట్ మీది పళ్లు) మీద తుప్పు పట్టి ప్లేటు కదలకపోవడమో అయ్యుంటుంది. వానల్లో నాలుగు రోజులు నిలబెట్టిన పాత బండికి ఈ తుప్పు బాధ ఎక్కువ. అక్కడికొచ్చాక గేర్‌బాక్స్ దించక తప్పదు.

ఫ్రీ ప్లే సరిగా ఉండి కూడా జారుతుంటే ఇక వాదన లేదు, మొదటి షెడ్డువాళ్లు చెప్పిందే నిజం. ప్లేటు అరిగిపోయి ఉండాలి, లేదా కాలి నున్నబడి ఉండాలి, లేదా దాని మీద ఆయిల్ పడి ఉండాలి. మూడో కారణాన్ని దించకముందే పసిగట్టొచ్చు. బండి కింద ఇంజినూ గేర్‌బాక్సూ కలిసే అతుకు దగ్గర తడి ఉందేమో టార్చి వేసి చూడమనండి. నల్లటి నూనె అయితే ఇంజిన్ వెనక సీలు, ఘాటు వాసన వచ్చే చిక్కటి నూనె అయితే గేర్‌బాక్స్‌లోకి తిరుగుడు తెచ్చే ఇన్‌పుట్ షాఫ్ట్ సీలు కారుతున్నట్టు. సీలు మార్చకుండా కొత్త ప్లేటు వేస్తే అది కూడా తడిసిపోతుంది.

రెండో షెడ్డువాళ్లు చెప్పిన బేరింగుల సంగతి. వాళ్లు అబద్ధం చెప్పారనను, తొందరపడ్డారంటాను. న్యూట్రల్‌లో ఊళ వచ్చి, క్లచ్ పూర్తిగా తొక్కి షాఫ్ట్ తిరగడం ఆగాక గానీ ఆ శబ్దం పోకపోతే అది గేర్‌బాక్స్ ఇన్‌పుట్ బేరింగ్. పెడల్‌ని ఊరికే తాకినంత మాత్రాన, బరువు తగలగానే శబ్దం మారిపోతే అది రిలీజ్ బేరింగ్. తొక్కి ఉంచినంతసేపూ శబ్దం పెరుగుతుంటే అదీ రిలీజ్ బేరింగే. ఫ్రీ ప్లే లేని బండిలో రిలీజ్ బేరింగ్ ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది కాబట్టి ఈ తేడాలు కలగాపులగం అయిపోతాయి. అందుకే ఫ్రీ ప్లే సరిచేశాక మళ్లీ వినాలి. ఇన్‌పుట్ బేరింగే అని తేలినా, సన్నటి శబ్దం ఒక్కటే ఉండి గేర్లు జారకుండా, గర్జన లేకుండా ఉంటే కంగారు పడక్కర్లేదు. గేర్ ఆయిల్ మట్టం చూపించండి, చాన్నాళ్లుగా మార్చకపోతే మార్పించండి. ఎలాగూ క్లచ్ కోసం గేర్‌బాక్స్ దించితే అప్పుడు ఇన్‌పుట్ షాఫ్ట్‌ని చేత్తో ఊపి, తిప్పి చూడమనండి. గరగరలాడితే అప్పుడు ఆలోచించండి. ఏమైనా ఈ బేరింగ్ వల్ల బండి ఎత్తు ఎక్కలేకపోవడం జరగదు.

సెట్ మార్చాలని తేలితే, దాని గురించి గట్టిగా చెప్పాల్సినవి ఉన్నాయి. ప్లేటు, ప్రెషర్ ప్లేట్, రిలీజ్ బేరింగ్ మూడూ కలిపి మార్చండి. ప్లేటు ఒక్కటే మార్చి డబ్బు మిగిల్చుకుందామంటే, ఆరు నెలల్లో బేరింగ్ అరిస్తే దించుడు కూలీ మళ్లీ మొదటినుంచీ కట్టాలి. ఈ పనిలో సామాను కన్నా దించి ఎక్కించే శ్రమే పెద్దది. కంపెనీ సామాను గానీ, పేరున్న క్లచ్ తయారీదారుల సెట్ గానీ సీలు విప్పని పెట్టెలో తెప్పించుకుని, బిల్లు తీసుకుని, మీ ముందే విప్పమనండి. పాత సామాను మీకు చూపించాలని ముందే మాట తీసుకోండి. ప్లేటు ఆనే ఇంజిన్ చక్రం, అదే ఫ్లైవీల్, మీద నీలం మచ్చలు, పగుళ్లు ఉన్నాయేమో చూడాలి. తేలికపాటి గీతలైతే సానపట్టి వాడుకోవచ్చు, పగుళ్లుంటే మార్చాలి. స్ప్లైన్ మీద గ్రీజు పల్చగా పూయాలి, ఎక్కువైతే అది ఎగిరి కొత్త ప్లేటు మీద పడుతుంది. ప్లేటుని సెంటర్ టూల్‌తో సరిగ్గా నడిమధ్యకి కుదిర్చి, ప్రెషర్ ప్లేట్ బోల్టులు ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించాలి. గేర్‌బాక్స్ ఎక్కించేటప్పుడు దాని బరువంతా ప్లేటు మీద వేలాడనిస్తే ప్లేటు వంగుతుంది, అప్పుడు కొత్త క్లచ్‌తోనే రివర్స్ కర్రుమంటుంది. లివర్ షాఫ్ట్ బుష్‌లు, ఆ రెండు సీళ్లు, అరిగి ఉంటే ఇంజిన్‌ని పట్టి ఉంచే రబ్బరు మౌంటింగులు కూడా అప్పుడే చూపించండి. బండి కదిలేటప్పుడు గడగడ వణకడం క్లచ్ వల్లే కాదు, చిరిగిన మౌంటింగ్ వల్ల కూడా వస్తుంది. అంచనా కాగితం మీద రాయించుకుని సామాను వేరు, కూలీ వేరు చూపించమనండి. ఏ షెడ్డయినా అలా రాసివ్వడానికి నసిగితే పక్క షెడ్డుకి వెళ్లండి, ఆటోనగర్‌లో షెడ్డులకేం కొదవ లేదు.

మీ వారి మాటకు వస్తాను. క్లచ్ మీద కాలు ఆనించి నడపడం చెడ్డ అలవాటే, ఉంటే మానుకోవాలి. కానీ తప్పు మీదేనని ఈ లక్షణాలు చెప్పడం లేదు. కాలు ఆనిస్తే బేరింగ్ ఎప్పుడూ వేళ్ల మీద నొక్కుతుంది, అతిగా బిగించిన కేబుల్ చేసేదీ అదే. లోపల మిగిలే గుర్తులు, వేళ్ల చివర అరుగుదల, ప్లేటు కాలడం, రెండింటికీ ఒకటే. పాత సామాను చూసి ఇది కాలు వల్ల, ఇది నట్టు వల్ల అని ఏ మెకానిక్కూ విడదీసి చెప్పలేడు. పైగా 88 వేల కి.మీ. నడిచిన ప్లేటు అది. హైవే మీదే తిరిగితే ఇంకా నడిచేదేమో, రోజూ సిగ్నళ్లలో ఆగి ఆగి తిరిగే బండికి అది తక్కువేం కాదు. ఈ సంగతి మీవారితో మీరే కూర్చుని మాట్లాడండి. స్కేలు పట్టుకుని ఇద్దరూ కలిసి ఫ్రీ ప్లే కొలవండి. ఆదివారాలు ఆయన నడిపినప్పుడు కూడా జారుతోందా అని అడగండి. జారితే, ఇప్పుడు జారుతున్నది పెడల్ మీద మీ కాలు ఉండటం వల్ల కాదన్నమాట.

అమ్మడం గురించి. ప్రైవేటు కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ఇస్తారు. 2012 బండి కాబట్టి మీది 2027లో ముగుస్తుంది. ఆ తర్వాత ఫిట్‌నెస్ పరీక్ష నెగ్గితే మరో 5 ఏళ్లకు రెన్యువల్ చేస్తారు. ఇంజిన్, బాడీ బాగుండి, రెన్యువల్ చేయించి ఇంకొన్నాళ్లు వాడుకోవాలనుకుంటే క్లచ్ సెట్ పెట్టడం తెలివైన ఖర్చు. అడుగు రేకు తుప్పు తినేసి, ఇంజిన్ నూనె తాగుతూ, ఏసీ కూడా పోయి ఉంటే ఆ డబ్బు తిరిగి రాదు. అమ్మాలనుకున్నా జారే క్లచ్‌తో అమ్మకండి, కొనేవాడు నడిపి చూసి సెట్ ఖరీదు కన్నా ఎక్కువే తగ్గించి అడుగుతాడు. అత్తగారితో "అమ్మేద్దాం" అని మొదలుపెట్టకుండా, పరీక్షలన్నీ అయ్యాక ఎంత ఖర్చుకి ఎన్నేళ్లు నడుస్తుందో చెప్పి అడగండి. అది మామగారి బండి అనడంలో ఆవిడ బాధ ఉంది, ఆ మాటను అడ్డంకిగా చూడొద్దు.

అప్పటిదాకా నడపడం గురించి. ఫ్రీ ప్లే సరిచేసేదాకా ఫ్లైఓవర్లు, కొండలు, నిండా మనుషులతో ప్రయాణాలు వద్దు. మీరు వచ్చే దారిలో కాజా టోల్, వారధి, బెంజ్ సర్కిల్ ఇవన్నీ ఆగి ఆగి కదలాల్సిన చోట్లే. జారే క్లచ్ అక్కడే ఎక్కువ కాలుతుంది, ప్లేటుతో పోయేది ఫ్లైవీల్ దాకా పాకుతుంది. ఆ నాలుగు రోజులు బస్సులోనో తోటి టీచరు బండిలోనో వెళ్లండి. తప్పనిసరై నడిపితే సిగ్నల్ దగ్గర న్యూట్రల్ చేసి పెడల్ మీద నుంచి కాలు పూర్తిగా తీసెయ్యండి, ఎత్తులో బండిని క్లచ్‌తో నిలబెట్టకుండా హ్యాండ్‌బ్రేక్ వాడండి. ఒకవేళ దారిలో కేబుల్ తెగిపోతే క్లచ్ వదలదు. భయపడకుండా యాక్సిలరేటర్ వదిలి, వేగం తగ్గాక గేరుని న్యూట్రల్‌కి లాగి, ఇండికేటర్ వేసి పక్కన ఆపండి. అక్కడి నుంచి టోయింగ్ పిలవడమే క్షేమం.

కేబుల్ కాకుండా ఆయిల్ ఒత్తిడితో పనిచేసే హైడ్రాలిక్ క్లచ్ ఉన్న ఇన్నోవా లాంటి బండ్లున్న పాఠకులు ఒక్క సంగతి గమనించండి. అక్కడ తిప్పే నట్టు కోసం వెతక్కముందు ఆయిల్ చూడాలి. పెడల్ మెత్తగా దిగిపోయి, రెండు మూడుసార్లు పంప్ చేస్తే గేరు పడుతుంటే లైన్‌లో గాలి చేరి ఉంటుంది, లేదా పెడల్ దగ్గరి మాస్టర్ సిలిండర్ సీలు పోయి ఉంటుంది. మట్టం తగ్గుతుంటే పెడల్ పైభాగంలోనూ, గేర్‌బాక్స్ దగ్గర స్లేవ్ సిలిండర్ దగ్గరా తడి వెతకండి.

కొత్త సెట్ వేయించుకుంటే మొదటి 500 కి.మీ. బండిని గట్టిగా లాగించకండి, బరువు వెయ్యకండి. ప్లేటు కుదురుకునేదాకా ఆ మొదటి రోజుల్లో కొద్దిగా వాసన రావడం మామూలే. కొత్త కేబుల్ కూడా మొదట్లో కాస్త సాగుతుంది కాబట్టి 1,000 కి.మీ. దగ్గర ఫ్రీ ప్లే మళ్లీ కొలవండి. ఈసారి ఎవరైనా "ఒక్క చుట్టు బిగిస్తే సరిపోతుందమ్మా" అంటే ముందు స్కేలు అడగండి.